ముందు గదిని అడగండి

మధ్యాహ్నం మూడింటికి పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడి కళ్లు మూతలు పడుతుంటే వాడికి చదువు మీద శ్రద్ధ లేదంటాం. మీటింగులో నలుగురూ ఆవులిస్తుంటే మాట్లాడే ఆయన దగ్గర సరుకు లేదంటాం (అదీ నిజమే కావచ్చు, కాదనను). రాత్రంతా పడుకుని కూడా తల దిమ్ముగా లేచే మనిషి రక్తపరీక్షలకు వెళతాడు. వంటింట్లోంచి బయటికొచ్చిన ఇల్లాలు చిన్న మాటకే కసురుకుంటే ‘ఆవిడ తీరే అంత’ అని ఊరుకుంటాం. మాలాంటి వ్యక్తిత్వ వికాసం రాసేవాళ్లం కూడా ఏమంత భిన్నం కాదు. లోపమంతా మనిషిలోనే వెతుకుతాం. లక్ష్యం లేదు, క్రమశిక్షణ లేదు, సంకల్పం చాలదు అంటూ పేజీలు నింపుతాం.

ఈ అధ్యాయంలో మనిషిని కాసేపు వదిలేద్దాం. ఆయన కూర్చున్న గదిని పట్టుకుందాం. రోజులో ఎక్కువ భాగం మనం ఏదో ఒక కప్పు కిందే గడుపుతాం. ఆ కప్పు కింద వేడి ఎంత, గాలి ఎలాంటిది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, చప్పుడు ఎంత అనే నాలుగూ మన ఓపికను, నిద్రను, పనిని లోలోపల కొరుక్కు తింటుంటాయి. వీటిలో చాలావాటిని డబ్బు పెద్దగా ఖర్చు లేకుండానే సరిచేసుకోవచ్చు. కాకపోతే ఏది ఇబ్బంది పెడుతోందో ముందు కనిపెట్టాలి.

వేడితో మొదలుపెడదాం, మనవాళ్ల ఫిర్యాదుల్లో మొదటిది అదే కాబట్టి. డెన్మార్క్ ఇంజనీరు పి. ఓ. ఫాంగర్ 1970లో ఒక పుస్తకం వెలువరించాడు. విద్యార్థులను ప్రత్యేకమైన గదుల్లో కూర్చోబెట్టి, వేడినీ తేమనూ మారుస్తూ, ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగి సేకరించిన వివరాలు దానికి ఆధారం. ఆయన తేల్చిందేమంటే, మనిషికి హాయిగా ఉండటం ఆరు విషయాల మీద ఆధారపడుతుంది. గాలి వేడి అందులో ఒక్కటి మాత్రమే. గోడల నుంచీ కప్పు నుంచీ తగిలే సెగ, గాలిలోని తేమ, గాలి కదిలే వేగం, ఒంటి మీది బట్టలు, చేస్తున్న పని మిగతా ఐదు. మనం గోడమీది అంకె ఒక్కటే చూసి, రిమోట్ కోసం కొట్లాడుకుంటాం. ఫాంగర్ లెక్కలో ఇంకో తమాషా కూడా ఉంది: అన్నీ సరిగ్గా అమర్చిన గదిలో కూడా నూటికి ఐదుగురు అసంతృప్తిగానే ఉంటారు. మీ ఇంట్లో ఆ ఐదుగురిలో ఒకరు ఉంటే అది వారి మొండితనం కాదు.

ఆఫీసుల సంగతి మరీ విచిత్రం. హైటెక్ సిటీలో మే నెల మిట్టమధ్యాహ్నం ఏ కంపెనీలోకి వెళ్లినా కుర్చీ వీపుకి స్వెట్టరు వేలాడేసుకున్న అమ్మాయిలు కనిపిస్తారు. బయట 42 డిగ్రీలు, లోపల శాలువా. 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు దీని మూలం చెప్పారు: ఆఫీసు చల్లదనం లెక్కల్లో ఒంట్లో పుట్టే వేడికి పెట్టుకున్న కొలత నలభై ఏళ్ల, 70 కిలోల మగమనిషిది. స్త్రీల శరీరాల్లో అంత వేడి పుట్టదు, కాబట్టి ఆ లెక్కకు అమర్చిన గదిలో వాళ్లకి చలి వేయడమే సహజం. మీ సీటు మీద ఏసీ గాలి నేరుగా కొడుతుంటే, ‘ఏసీ తగ్గించండి’ అని మొత్తం ఫ్లోరుతో తగవు పెట్టుకోకండి, ఓడిపోతారు. ‘నా తల మీదున్న గాలి రెక్కలను పక్కకి తిప్పించండి’ అని మెయింటెనెన్సు వాళ్లని అడగండి. అది అయిదు నిమిషాల పని, ఎవరికీ నష్టం లేదు, అందుకే సాధారణంగా జరుగుతుంది.

మన దగ్గర జరిగిన పరిశోధన ఒకటి ప్రతి తెలుగు ఇంటికీ తెలియాలని నాకనిపిస్తుంది. 2008 వేసవిలోనూ వానాకాలంలోనూ పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి హైదరాబాద్ అపార్టుమెంట్లలో తిరిగి, ఏసీ మీద ఆధారపడకుండా కాపురాలు చేసుకుంటున్న వందమందికి పైగా మనుషులను పదే పదే కలిసి, వాళ్ల దగ్గరే వేడినీ తేమనూ కొలిచి, ఎలా ఉందని అడిగారు. వాళ్లకి హాయిగా అనిపించింది సుమారు 26 నుంచి 32 డిగ్రీల పైచిలుకు దాకా. మధ్యస్థంగా 29 దాటింది. అప్పటి మన ప్రమాణాల పుస్తకం చెప్పింది మాత్రం 23 నుంచి 26. అంటే మన శరీరాలు పుస్తకాల కంటే చాలా ఓర్పుగలవి. అయితే ఆ ఓర్పు ఊరికే రాదు. ఫ్యాన్ వేసుకోవడం, కిటికీ తీయడం, నూలు బట్టల్లోకి మారడం, ఎండ తగ్గాక వరండాలోకి పోవడం లాంటివి చేతిలో ఉంటేనే నిలుస్తుంది. ఎదురింటివాళ్లకి కనిపిస్తుందని కిటికీ మూసి, దోమలని తలుపు మూసి, పరువని నైటీ మీద చున్నీ వేసుకుంటే ఆ డిగ్రీలన్నీ ఒక్కొక్కటే పోతాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇదే: హాయి అనేది డిగ్రీల్లో కంటే మన చేతిలో ఉన్న అదుపులో ఎక్కువ ఉంది. గది బాగోలేదని కూర్చోవడం వేరు, లేచి కిటికీ తీయగలగడం వేరు.

పై అంతస్తులో ఉండేవాళ్లకి మాత్రం కిటికీ ఒక్కటే చాలదు. వాళ్ల శత్రువు నెత్తిమీదే ఉంటుంది. సిమెంటు శ్లాబు పొద్దుటినుంచీ ఎండ తాగుతూ, ఆ వేడిని కాసేపు తనలోనే దాచుకుని, సాయంత్రం ఆరూ ఏడూ అయ్యేసరికి కిందికి వదలడం మొదలుపెడుతుంది. బయట చల్లబడినా లోపల ఉడుకు తగ్గదు. ఏసీ వేస్తే గాలి చల్లబడుతుంది గానీ, మంచం మీద పడుకుంటే మొహానికి పైనుంచి సెగ తగులుతూనే ఉంటుంది. ఫాంగర్ చెప్పిన రెండో విషయం అదే. మీది అలాంటి గదో కాదో తెలియాలంటే సాయంత్రం పూట స్టూలెక్కి అరచేతిని కప్పుకి కాస్త దగ్గరగా పెట్టి చూడండి. చేతికి తెలుస్తుంది. తర్వాత పడమటి గోడకి కూడా అలాగే పెట్టండి. ఏ గోడ వేడో తెలిస్తే కనీసం మంచం తలాపు మార్చుకోవచ్చు.

దీనికి మందు మిద్దెమీద ఉంది. తెల్లరంగు ఎండను వెనక్కి కొడుతుంది. ఫిబ్రవరి చివరికల్లా డాబా ఊడ్చి, కడిగి, పగుళ్లు పూడ్చి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించండి, లేదా ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు కొట్టించండి. సున్నం వానలకి పోతుంది, ఏటా వేయాల్సిందే. పెయింటు కొన్నేళ్లు ఆగుతుంది, కానీ దుమ్ము పడితే దాని గుణం తగ్గుతుంది కాబట్టి వేసవిలో కడుగుతుండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. సాయంత్రాలు డాబా మీద నీళ్లు చల్లడం మనకి పాత అలవాటే, ఫలితం ఉంటుంది కూడా. కానీ ట్యాంకరు కొని తాగే కాలనీల్లో దాన్ని నేను సిఫారసు చేయను.

కిటికీల విషయంలో చాలా ఇళ్లలో పద్ధతి తలకిందులుగా ఉంటుంది. పగలంతా ‘గాలి ఆడాలి’ అని తీసి ఉంచుతారు, రాత్రికి దోమలని మూసేస్తారు. మే నెల పగలు లోపలికి వచ్చేది వడగాలి. ఉదయం పదికల్లా మూసి, ఎండపొడ పడే వైపు తెరలు దించి, బయట గాలి లోపలికంటే చల్లబడ్డాక తీయాలి. దోమతెర మెష్ బిగించుకుంటేనే ఇది కుదురుతుంది. రాయలసీమలో, తెలంగాణలో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ రాత్రులు కాస్త చల్లబడతాయి. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో సంగతి వేరు. అక్కడ వేడికంటే ఉక్కపోత ఎక్కువ, గాలి కదలడమే మందు. అందుకే అక్కడ పగలూ రాత్రీ రెండు పక్కలా తలుపులు తీసి గాలిని ఇంటి గుండా నడిపించాలి. ఎయిర్ కూలరు కథ కూడా ఇంతే. అనంతపురంలో అది అమృతం, కాకినాడలో దండగ. నీరు ఆవిరైతేనే చల్లదనం, ఇప్పటికే తేమ నిండిన గాలిలో ఆవిరయ్యేది ఎంత? పొడి ఊళ్లలో కూడా కూలరు పెట్టి గదంతా మూస్తే గంటలో ఒళ్లు జిడ్డుజిడ్డుగా అవుతుంది. కూలరుకి ఎదురుగా ఒక కిటికీ తీసి ఉంచండి.

ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను కరెంటు మింగడం తప్ప చేసేదేమీ లేదు. మనిషి ఉన్నప్పుడు మాత్రం మంచి వేగంతో తిరిగితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. అందుకని ఏసీని 26లో పెట్టి పైన ఫ్యాను నెమ్మదిగా వదిలితే 23లో పెట్టినంత సుఖం. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. కాకపోతే తీవ్రమైన వడగాడ్పుల్లో గది 40 దాటితే ఫ్యాను వేడి గాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు తడిగుడ్డ, నీళ్లు, చల్లటి చోటు, ముఖ్యంగా ఇంట్లో ముసలివాళ్లకి.

ఇక గాలి. నన్నడిగితే మన మధ్యతరగతి పడకగదుల్లో అసలు జబ్బు ఇదే, పట్టించుకునేవాళ్లు తక్కువ. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది నమ్మకం. తేదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట గోడకి వేలాడే పెట్టె పని వేడిని బయట పారబోయడమే. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న గదిలో సుమారు 34,000 లీటర్ల గాలి ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లు కలిసి గంటకి దాదాపు 25 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతారు. అంటే ఏ సందూ లేని గదిలో గంటగంటకీ పది లక్షల వంతుల్లో 700 వంతుల చొప్పున అది పేరుకుంటుంది. బయటి గాలిలో ఉండేది 420 పైచిలుకు. నిజం గదులకి సందులుంటాయి కాబట్టి అంత నిటారుగా పెరగదు, కానీ తలుపు కింద గుడ్డ కుక్కి పడుకునే ఇళ్లలో తెల్లారేసరికి 2000 దాటడం వింతేమీ కాదు. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే వైద్యుడు 1858లోనే 1000 దాటితే గది గాలి చెడ్డట్టే అన్నాడు. ఆ మోతాదులో ఆ వాయువు విషమని కాదు. అది అంత పేరుకుందంటే మన ఊపిరి, చెమట, మంచం కింది దుమ్ము, గోడల రంగుల వాసన కూడా అంతే పేరుకున్నాయని గుర్తు. 2016లో డెన్మార్క్ పరిశోధకులు విద్యార్థుల హాస్టలు గదుల్లో రాత్రిపూట కొంత బయటి గాలి ఆడనిచ్చి చూశారు. పిల్లలు బాగా నిద్రపోయారు, మర్నాడు తర్కం పరీక్షలో మెరుగ్గా చేశారు.

మనకి మీటరు అక్కర్లేదు. ముక్కు చాలు, కానీ దాన్ని సరైన వేళలో వాడాలి. గదిలోనే ఉన్నవాడి ముక్కు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, ఏ వాసనా పట్టదు. పొద్దున్నే లేచి, గది తలుపు మళ్లీ మూసి, పావుగంట డాబా మీదో వీధిలోనో తిరిగి, నేరుగా పడకగది తలుపు తీసి మొదటి ఊపిరి పీల్చండి. మగ్గిన వాసన వస్తే రాత్రి మీరు ఏడెనిమిది గంటలు పీల్చింది అదే. ఆ రాత్రి నుంచి కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి, లేదా గది తలుపు హాల్లోకి ఓరగా వదిలి పడుకోండి. ఏసీ బిల్లు కాస్త పెరుగుతుంది. పెరగనివ్వండి.

అదే గదిలో దోమల కాయిల్ వెలిగించే అలవాటుంటే ఇవాళే మానాలి. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి పొగరేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని లెక్కకట్టింది. మూసిన గదిలో, పసిపిల్లల పక్కన, రాత్రంతా. అగరొత్తులూ సాంబ్రాణీ మానమనను, దేవుడి గది కిటికీ తీసి వెలిగించమంటాను. దోమతెరకి మించిన మందు ఇంకా రాలేదు.

ఇంటి మొత్తంలో అన్యాయమైన గది వంటిల్లు. హాల్లో ఏసీ, పడకగదిలో ఏసీ, పూజగదిలో చలువరాయి. వంటింట్లో మాత్రం ఫ్యాను కూడా ఉండదు, ఎందుకంటే మంట రెపరెపలాడుతుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ వేడిలో, ఎక్కువ సేపు నిలబడి, ఎక్కువ కష్టమైన పని చేసే మనిషికి దక్కేది అది. ఫాంగర్ ఆరు విషయాల్లో ఒక్కటి కూడా ఆవిడ పక్షాన లేదు: గాలి వేడి, పొయ్యి సెగ, కుక్కరు ఆవిరి, కదలని గాలి, పైనుంచి కిందిదాకా చీర, పైగా ఊపిరాడనివ్వని పని. ఎండుమిరపకాయల తాలింపు ఘాటుకి హాల్లో టీవీ చూసేవాళ్లు దగ్గితే ఇల్లంతా గోల. ఆవిడ రోజూ ఆ ఘాటు పక్కనే నిలబడుతుంది. నూనె వేడెక్కినప్పుడూ వేపుడు మాడినప్పుడూ లేచే పొగలో కంటికి కనిపించని రేణువులుంటాయి, గ్యాసు మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. ఊరి గాలి గురించి పేపర్లో చదివి బెంగపడే మనం ఈ గాలి గురించి మాట్లాడం.

చేయాల్సినవి పెద్దవేమీ కావు. ఎగ్జాస్ట్ ఫ్యాను పొయ్యికి దగ్గరగా, పైగా ఉండాలి. ఎక్కడో ఎదురు గోడకి ఉంటే పొగంతా మనిషి మొహం మీదుగానే పోతుంది. అది నడుస్తున్నప్పుడు వంటింటి తలుపో ఇంకో కిటికీయో తీసి ఉండాలి. లోపలికి గాలి రాకపోతే బయటికి పోయేదేముంది? పోపు పెట్టకముందే వేయాలి, వంటయ్యాక పది నిమిషాలు తిరగనివ్వాలి. చిమ్నీ కొనేటప్పుడు గొట్టం బయటికి వెళ్లే రకమే కొనండి. గొట్టం లేనిది పొగను వడకట్టినట్టు నటించి వేడినీ ఆవిరినీ గదిలోకే వదులుతుంది. చిన్న వాల్ ఫ్యాను ఒకటి పక్కగోడకి, పొయ్యి వైపు కాకుండా నిలబడే మనిషి వీపుకి తగిలేట్టు బిగించండి. అన్నిటికంటే చవకైన మార్పు ఇంకోటుంది: మంటతో పనిలేని పనులన్నీ వంటింటి బయటికి తేవడం. కూరలు తరగడం, ఆకుకూర బాగుచేయడం, చపాతీ పిండి కలపడం, వెల్లుల్లి ఒలవడం హాల్లో ఫ్యాను కింద కూర్చుని చేయొచ్చు. అక్కడైతే మిగతావాళ్లూ ఓ చెయ్యి వేస్తారు. వేయకపోతే, కనీసం కనిపించే చోట కూర్చుని వేయకుండా ఉండాల్సి వస్తుంది.

వెలుతురు గురించి రెండు మాటలు చాలు. చదివే బల్లకి కిటికీ పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లు చికిలించాలి, వెనక ఉంటే పేజీ మీదో కంప్యూటరు తెర మీదో నీడా మెరుపూ పడతాయి. కుడిచేతితో రాసేవారికి ఎడమ నుంచి వెలుతురు మంచిది. ట్యూబ్‌లైటు గోడకి ఉండి, పిల్లవాడు దానికి వీపుపెట్టి చదువుతుంటే వాడు తన నీడలోనే చదువుతున్నాడన్నమాట. బల్లనైనా తిప్పండి, ఒక టేబుల్ ల్యాంపైనా కొనండి.

చప్పుడు అంత తేలిగ్గా లొంగదు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధనలొచ్చాయి. పెళ్లి బరాతు డీజే వాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. లోపల మన చేతిలో ఉన్నది సందులు మూయడం, వీధివైపు గదిని పడకగదిగా కాక హాలుగా వాడుకోవడం. కిటికీ మూస్తే చప్పుడు ఆగుతుంది కానీ గాలీ ఆగుతుంది. ఈ రెంటి మధ్య ఏది ఎప్పుడు కావాలో రోజూ తేల్చుకోవాల్సిందే. నేనైతే చదువుకునే గంటల్లో మూసి, పడుకునే ముందు తీస్తాను.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు ఒక వారం చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని, చిరాకో నిద్రమత్తో తలనొప్పో వచ్చినప్పుడల్లా టైము, ఏ గది, కిటికీ మూసుందా తీసుందా, ఫ్యాను ఎంతలో ఉంది, పక్కన ఎవరున్నారు అని ఒక్క వరుస రాయండి. ‘పక్కన ఎవరున్నారు’ అన్నది సరదాకి కాదు. కూర్చున్న మనిషి ఒంట్లోంచి పాతకాలపు 100 వాట్ల బల్బంత వేడి వెలువడుతుంది, పదిమంది ట్యూషను పిల్లలున్న చిన్నగది సాయంత్రానికి ఎందుకు కొలిమవుతుందో అర్థమవుతుంది. వారం తర్వాత చూస్తే ఒకే గదో ఒకే గంటో మళ్లీ మళ్లీ కనబడుతుంది. అక్కడ ఒక్క మార్పు చేసి ఇంకో వారం రాయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

అద్దె ఇల్లు వెతుకుతున్నవారికి ఇంకొంచెం సులువు, ఇంకా చేతులు కాలలేదు కాబట్టి. అందరూ ఆదివారం ఉదయం పదింటికి వెళ్లి, గోడల రంగు చూసి, కప్‌బోర్డులు లెక్కపెట్టి వచ్చేస్తారు. మీరు సాయంత్రం ఆరింటికి వెళ్లండి, వేసవైతే మరీ మంచిది. ప్రతి గదిలో కిటికీలు తీసి చూడండి. జాతీయ భవన నియమావళి ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదోవంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరోవంతు తెరుచుకునే కిటికీ ఉండాలి. పదీ పన్నెండు గదికి పొడి ఊళ్లలో 12 చదరపుటడుగులు, ఉక్కపోత ఊళ్లలో 20. ఇప్పుడు బిగిస్తున్న స్లైడింగ్ కిటికీలు ఎంత పెద్దవైనా సగమే తెరుచుకుంటాయి, ఆ సగాన్నే లెక్కలోకి తీసుకోండి. ఒక గదిలో కిటికీ తీస్తే ఎదురు గదిలోంచి గాలి పోయే దారి ఉందా, వంటింటి ఎగ్జాస్ట్ కంత బయటికి తెరుచుకుంటుందా లేక పక్కవాళ్ల బాల్కనీలోకా, చూడండి. పై అంతస్తయితే స్టూలు అడిగి కప్పుకి చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇల్లు వద్దనక్కర్లేదు. మార్చిలోపు డాబా మీద తెల్లపూత వేయిస్తానని ఓనరు చేత అద్దె ఒప్పందంలో రాయించండి, అడ్వాన్సు చేతిలో పెట్టక ముందే. పెట్టాక అడిగితే ‘వచ్చే ఏడాది చూద్దాంలెండి’ అంటారు.